ఇరవై రెండు వేల జీతం, చేతికి పన్నెండున్నర వేలు

భీమవరం పరిసరాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్న పాఠకురాలు ఒకరు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయట పెట్టవద్దని కోరారు. బీయస్సీ పూర్తయ్యాక ఈ ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కావస్తోంది. పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. అత్తవారిది వశిష్ఠ పాయలో ఒక లంక గ్రామం. పెళ్ళిచూపుల నాడు మధ్యవర్తి "అమ్మాయికి నెలకు ఇరవై రెండు వేలు" అని చెప్పాడు. నియామక పత్రంలో ఉన్న అంకె కూడా అదే కాబట్టి ఆయన కల్పించి చెప్పిందేమీ లేదు. అయితే ఆమె ఖాతాలో ఏ నెలా పదహారు వేల చిల్లరకు మించి పడలేదు. సెప్టెంబరు జీతమైతే 12,528 రూపాయలే పడింది. ఆ నెల మొదట్లో గోదావరికి వరద వచ్చి కాజ్‌వే మునగడంతో రెండు రోజులు ఆమె డ్యూటీకి వెళ్ళలేకపోయారు.

"మిగతాదంతా పుట్టింటికి దోచిపెడుతోంది" అని అత్తగారు పక్కింటావిడతో అన్న మాట ఈమె చెవిన పడింది. భర్త పైకి ఏమీ అనడం లేదు గాని, జీతం పడ్డ మెసేజీ చూపించమని ఈమధ్య అడుగుతున్నారు. కౌలుకు చేస్తున్న తండ్రి సార్వా ఎరువులకు డబ్బు చాలక అవస్థ పడుతుంటే, ఈమె కంపెనీలో 5,000 రూపాయలు అడ్వాన్సు తీసుకుని పంపారు, ఇంట్లో చెప్పలేదు. అది నెలకు వెయ్యి చొప్పున జీతంలో తెగుతోంది. స్లిప్పు చూపిస్తే ఆ పద్దు కనబడుతుంది, చూపించకపోతే అనుమానం ముదురుతుంది. ఆఫీసులో అడిగితే "అది సిస్టమ్‌లో వచ్చిందమ్మా, మేం చేసింది కాదు" అన్నారు. సీనియర్ ఒకావిడ "పీఎఫ్ ఆపించేసుకో, నెలకు పద్నాలుగు వందలు చేతికొస్తాయి" అని సలహా ఇచ్చింది. ఈ కోతల్లో ఏవి న్యాయమైనవి, పీఎఫ్ మానుకోవచ్చా, ఇంట్లో ఏం చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు. నియామక పత్రం నకలుతో పాటు స్లిప్పులోని ప్రతి పద్దునూ ఓపికగా ఎత్తి రాసి పంపారు.

అమ్మా,

ముందుగా ఆ ఇరవై రెండు వేల సంగతి తేల్చుకుందాం, మీ ఇంట్లో తగువంతా ఆ అంకె దగ్గరే మొదలైంది కాబట్టి. నియామక పత్రంలో దాని పక్కన సీటీసీ అని ఉంది. మిమ్మల్ని పనిలో పెట్టుకున్నందుకు కంపెనీకి నెలకు అయ్యే మొత్తం ఖర్చును అలా అంటారు. అదే పత్రం రెండో పేజీలో దాని వివరం ఉంది, కాని ఆ పేజీ ఎవరూ చదవరు. మూలవేతనం 12,000, ఇంటి అద్దె భత్యం 4,800, స్పెషల్ అలవెన్సు 2,800. ఈ మూడూ కలిపితే 19,600, మీ గ్రాస్ జీతం ఇదే. తక్కిన 2,400లో 1,560 పీఎఫ్ వాటాకూ, దాని నిర్వహణ, బీమా ఖర్చులకూ కలిపి కంపెనీ కట్టేది, 637 ఈఎస్ఐ అనే ఉద్యోగుల ఆరోగ్య బీమాకు కంపెనీ కట్టేది, 203 గ్రూపు బీమాకు కంపెనీ కట్టేది. ఈ 2,400 ఏ నెలలోనూ మీ చేతికి రాదు, వచ్చే ఏర్పాటూ లేదు. ఉద్యోగమిచ్చేవాళ్ళు పెద్ద అంకె చూపించడం, సంబంధం కుదిర్చేవాళ్ళు ఆ అంకెనే మోసుకుపోవడం మన ప్రాంతంలో మామూలైపోయింది. మీ అత్తగారు ఆశించిన ఇరవై రెండు వేలు అసలు జీతమే కాదని ఆవిడకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇక సెప్టెంబరు స్లిప్పుకు వద్దాం. ఎడమవైపు గడిలో 19,600 ఉండవలసిన చోట 18,093 ఉంది. తేడా 1,507. దాని పక్కనే ఎల్ఓపీ 2 అని ఉంది, అంటే జీతం లేని సెలవు రెండు రోజులు. వరద రోజులవే. మీరు 19,600ను 30తో భాగించి, రెండు రోజులకు 1,307 పోవాలి గాని 1,507 ఎలా పోయిందని, రెండు వందలు ఎవరో మింగేశారని రాశారు. ఎవరూ మింగలేదు. మీ ఆఫీసువాళ్ళు 30తో కాక 26తో భాగించారు. సెప్టెంబరులో ఆదివారాలు నాలుగు పోగా మీరు పనిచేయవలసిన రోజులు ఇరవై ఆరు. హాజరు కాని కాలానికి కోసే మొత్తం, ఒప్పందం ప్రకారం పని చేయవలసిన కాలంతో సరిపోలిన నిష్పత్తిని దాటరాదన్నది వేతనాల చెల్లింపు చట్టంలోని నియమం, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. ఆ లెక్కన 26తో భాగించడం చెల్లుతుంది. మీకు నచ్చకపోవచ్చు గాని, దీనిమీద పోట్లాడితే నెగ్గరు. ఆ రెండు రోజులకు సొంత సెలవు ఏదైనా మిగిలి ఉందా, దాన్ని వాడమని అడిగే గడువు ఇంకా ఉందా అన్నది వేరే ప్రశ్న. రోడ్డు మునిగిపోతే ఆ రోజులను సెలవుగా సర్దడం చాలా కంపెనీల్లో మేనేజరు చేతిలో ఉన్న పనే. ఒకసారి అడిగి చూడండి, అడిగినంత మాత్రాన పోయేదేమీ లేదు.

కుడివైపు గడిలో మొదటి మూడు పద్దులు చట్టం కోయమన్నవి. ఈపీఎఫ్ 1,329, ఈఎస్ఐ 136, పీటీ 150, మొత్తం 1,615.

పీటీ అంటే వృత్తి పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం 15,000 దాకా ఉంటే ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 వరకు 150, ఆపైన 200. రాష్ట్ర ఖజానాకు పోతుంది, తిరిగి రాదు. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. ఆదాయపు పన్ను కింద మీకు ఏ కోతా లేదు, ఈ జీతానికి ఉండకూడదు కూడా. ఎప్పుడైనా టీడీఎస్ అని ఒక పద్దు మొలిస్తే మాత్రం వెంటనే అడగండి.

ఈఎస్ఐ మీ గ్రాసులో నూటికి ముప్పావు రూపాయి. సెప్టెంబరుకు 18,093 మీద 135 రూపాయల చిల్లర వస్తే 136గా సరిచేశారు. కంపెనీ తన వైపు నుంచి నూటికి మూడుంపావు వేస్తుంది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకే ఈ పథకం వర్తిస్తుంది. మీరు దీన్ని దండుగ కోతగా రాశారు, కాని మీ స్లిప్పులోని పద్దులన్నిటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ ప్రతిఫలం ఇచ్చేది ఇదే అంటాను. జబ్బు చేసి మంచాన పడితే, తగినన్ని రోజుల చందా ఉన్నప్పుడు, ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇస్తారు. ఆ తడి గచ్చు మీద, క్లోరిన్ నీళ్ళలో గమ్‌బూట్లతో తిరిగే మీకు పనిలో దెబ్బ తగిలి కొంతకాలం లేవలేకపోతే, కోలుకునేవరకు 90 శాతం ఇస్తారు. కాన్పుకు 26 వారాలు పూర్తి వేతనం. అంతకుముందు రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 70 రోజులకు చందా పడి ఉంటే చాలు. రాజమహేంద్రవరంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మీ ఇంటి పరిస్థితికి ఇంకా దగ్గరగా వచ్చే సంగతి ఒకటుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, మహిళా ఉద్యోగి కుటుంబం అన్న నిర్వచనంలోకి ఆమె అత్తమామలను కూడా చేర్చింది. వాళ్ళు ఆమె సంపాదన మీద ఆధారపడి ఉండాలి, వాళ్ళ ఆదాయం నిర్ణీత పరిమితి దాటకూడదు. మీ అత్తగారికి షుగరు మందులకు నెలనెలా ఎంతవుతోందో మీరే ఉత్తరం చివర రాశారు. ఆవిడ పేరు మీ కార్డులో చేర్చడానికి వీలుందేమో కంపెనీ ద్వారా కనుక్కోండి. కొడుకు భార్య జీతంలో తెగిన 136 రూపాయలు తన మందులకు అక్కరకొస్తాయని తెలిసిన మనిషి స్లిప్పును చదివే తీరు వేరుగా ఉంటుంది.

పీఎఫ్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. నెలంతా పనిచేస్తే మూలవేతనం 12,000 మీద నూటికి పన్నెండు చొప్పున 1,440 తెగుతుంది. సెప్టెంబరులో రెండు రోజులు పోగా మూలవేతనం 11,077కు తగ్గింది కాబట్టి 1,329 తెగింది. కంపెనీ కూడా అంతే, 1,329 వేస్తుంది. అయితే అందులో 923 పింఛను పథకానికి పోయి, 406 మాత్రమే మీ పీఎఫ్ నిల్వలో కలుస్తుంది. యూఏఎన్ అనే పన్నెండు అంకెల పీఎఫ్ సభ్యత్వ సంఖ్యతో పాస్‌బుక్ తెరిస్తే సెప్టెంబరు వరుసలో 1,329, 406, 923 అని మూడు గడులు ఉండాలి. ఉన్నాయో లేదో చూసుకోవడం మీరు ఈ వారంలో చేయవలసిన మొదటి పని. స్లిప్పులో తెగి పాస్‌బుక్‌లో పడని కంపెనీలు ఉన్నాయి. అలాంటిది జరిగితే మిగిలిన పద్దులన్నీ పక్కన పెట్టి ముందు దీని సంగతే చూడాలి. పడుతున్నట్టయితే ఈ 1,735 రూపాయలు మీ పేర పోగవుతున్న సొమ్మే. దాని మీద 2024-25 సంవత్సరానికి 8.25 శాతం వడ్డీ ఇచ్చారు.

మీ సీనియర్ చెప్పినట్టు దీన్ని ఆపించుకోవడం కుదరదు. ఉద్యోగంలో తొలిసారి చేరేటప్పుడే పీఎఫ్ లెక్కకు వచ్చే వేతనం 15,000 దాటి ఉన్నవాళ్ళకు మాత్రమే చేరకుండా ఉండే వీలుంది. మీది అంతకు తక్కువ, పైగా ఇప్పటికే సభ్యురాలు. ఏ గుమస్తా అయినా "ఆపేస్తాంలే" అన్నా అది చట్టం ఒప్పేది కాదు. చేతికి పద్నాలుగు వందలు వస్తాయన్న లెక్కలో కంపెనీ వేసే వాటా పోతుందన్న మాట ఆవిడ కలపలేదు. పదేళ్ళ సర్వీసు ఉంటే గాని పింఛను రాదు, కాబట్టి ఉద్యోగం మారినా పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకోవాలి గాని మూసి డబ్బు తీసుకోకూడదు. మన వైపు ప్లాంటు మారినప్పుడల్లా పాతది తెగ్గొట్టి డబ్బు తీసుకోవడం పరిపాటి. అలా చేసినవాళ్ళు ఎన్నేళ్ళు పనిచేసినా పింఛనుకు దూరంగానే ఉండిపోతున్నారు.

ఇందులోనే మీరు అడగని ఒక మెలిక ఉంది. అందరికీ నెలనెలా ఒకే తీరుగా ఇచ్చే స్పెషల్ అలవెన్సును కూడా పీఎఫ్ లెక్కలో మూలవేతనంతో కలపాలని 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు చెప్పింది. మీ 2,800 అలాంటిదే అయితే పీఎఫ్ 14,800 మీద లెక్కకట్టాలి, అంటే 1,776 తెగాలి. మీ నిల్వకు అది లాభమే. కాని చేతికొచ్చేది మరో 336 తగ్గుతుంది, కంపెనీ తన వాటా పెరుగుదలను సీటీసీలోనే సర్దితే ఇంకా తగ్గుతుంది. ఇంట్లో ఇంత వేడిగా ఉన్నప్పుడు ఈ మాట మీరు ఇప్పుడే కదిలించనక్కర్లేదని నా అభిప్రాయం. జీతం పెంపు మాటలు వచ్చినప్పుడు తెలిసి మాట్లాడటానికి గుర్తుంచుకోండి. 2025 నవంబరు నుంచి వచ్చిన కొత్త కార్మిక కోడ్లలో వేతనం అన్న మాటకు నిర్వచనం మారింది, భత్యాలు మొత్తంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంలో కలిపేయాలి. అందువల్ల కంపెనీయే రేపో మాపో ఈ గడులను తిరగరాసి, మీరు అడగకుండానే కోత పెరిగితే కంగారు పడకండి.

చట్టం కోతల తరువాత కంపెనీ తన సేవలకు కోసుకున్నవి ఉన్నాయి. సీఎన్టీ అంటే క్యాంటీన్, 650. టీఆర్ఎన్ అంటే బస్సు, 900. యూఎన్ఎఫ్ అంటే యూనిఫారం, 350. ఇలాంటి సౌకర్యాలకు కోయాలంటే ఉద్యోగి ఒప్పుకుని ఉండాలి, ఇచ్చిన సేవ విలువకు మించి కోయకూడదు. చేరినప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితాల్లో క్యాంటీన్‌కూ బస్సుకూ ఒప్పుకున్నట్టు ఉందని రాశారు, కాబట్టి కోయడం తప్పు కాదు. అయితే క్యాంటీన్ రోజుకు పాతిక రూపాయలని కూడా మీరే రాశారు. 650 అంటే ఇరవై ఆరు రోజుల భోజనం. మీరు వెళ్ళింది ఇరవై నాలుగు రోజులు. జీతం కోయడానికి రెండు రోజులు రాలేదని గుర్తున్న ఆఫీసుకు, అన్నం డబ్బులు కోసేటప్పుడు ఆ సంగతి గుర్తు రాలేదు. ఇది యాభై రూపాయల ముచ్చటే గాని మీరు ఆఫీసులో మొదట ఎత్తవలసిన పద్దు ఇదే, ఎందుకంటే వాళ్ళ కాగితంతోనే వాళ్ళ లెక్క తప్పని తేలుతుంది, వాదించే పని ఉండదు. యూనిఫారం సంగతి అంత తేలిక కాదు. పనికి అవసరమైన పనిముట్ల ఖరీదును సౌకర్యాల పేరుతో కోయకూడదని చట్టం అంటుంది. గమ్‌బూట్లు, ఏప్రాన్, తలకు కట్టే వల లేనిదే మిమ్మల్ని హాల్లోకి అడుగు పెట్టనివ్వరు, కాబట్టి అవి ఆ కోవలోకే వస్తాయని మీరు వాదించవచ్చు. యూనిఫారం సొంత వస్తువని వాళ్ళు వాదించవచ్చు. ఇంకెన్ని వాయిదాలు మిగిలాయో కనుక్కోండి. ఒకటో రెండో అయితే వదిలేసి, వచ్చే జతకు ముందే మాట్లాడుకోవడం మేలు.

డీఎంజీ 800, ఓటీహెచ్ 250. అసలు అడగవలసినవి ఈ రెండు. డీఎంజీ అంటే నష్టపరిహారం. ఆ నెల మీ షిఫ్టులో ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఒకటి పాడైందని, దాని ఖరీదును షిఫ్టులో ఉన్న అందరి మీదా పంచారని విన్నట్టు రాశారు. అదే నిజమైతే చట్టం ఒప్పుకోదు. ఒక ఉద్యోగికి అప్పగించిన వస్తువు ఆ మనిషి నిర్లక్ష్యం వల్ల నేరుగా పాడైతేనే కోయాలి, జరిగిన నష్టానికి మించి కోయకూడదు, కోసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఒకవేళ వాళ్ళు దాన్ని జరిమానా అన్నా గట్టెక్కరు, జరిమానా ఆ నెల వేతనంలో మూడు శాతం దాటకూడదు. మీ 18,093లో మూడు శాతం 543 రూపాయలు కూడా కాదు. 1936 నాటి ఆ వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న ఈ హద్దు వేతనాల కోడ్‌లోనూ అలాగే ఉంది. ఓటీహెచ్ అంటే "ఇతరములు", అంతకన్నా ఏమీ చెప్పదు. ఎవరి పెళ్ళికో కానుకకు పోగేసిన చందా కావచ్చు, కార్మిక సంక్షేమ నిధి అని కూడా చెప్పవచ్చు. సంక్షేమ నిధికి మన రాష్ట్రంలో ఉద్యోగి వాటా ఏడాదికోసారి, 30 రూపాయలే. కాబట్టి 250కి ఆ పేరు చెబితే నమ్మకండి. మీ సంతకం లేని చందాను జీతంలో పట్టుకోవడానికి వీల్లేదు. "సిస్టమ్‌లో వచ్చింది" అన్నారు గదా, ఈఎస్ఐ, పీఎఫ్‌ల మాదిరి శాతాల లెక్కలైతే సిస్టమ్ తనంతట తాను కడుతుంది. 800, 250 లాంటి అంకెలను ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయాలి. ఎవరు చేయమన్నారని అడగండి.

అడగడానికి దారులు మూడున్నాయి. ఒకటి, అకౌంట్స్‌లో నెమ్మదస్తుడైన మనిషిని చూసుకుని స్లిప్పు చేతపట్టుకుని వెళ్ళి నోటిమాటగా అడగడం. క్యాంటీన్ యాభైతో మొదలుపెట్టి డీఎంజీ దగ్గరికి రావచ్చు. చాలా పద్దులు ఇక్కడే సర్దుకుంటాయి, ఎవరి మొహమూ మాడదు. కాని మీకు ఆధారంగా ఏ కాగితమూ మిగలదు. రెండోది, రాతపూర్వకంగా అడగడం. సెప్టెంబరు స్లిప్పులో ఫలానా పద్దులు దేనికి కోశారో, ఏ ఉత్తర్వు మీద కోశారో తెలియజేయగలరని నాలుగు వాక్యాలు, ఆరోపణ ఒక్కటీ లేకుండా రాయాలి. మెయిల్ అయితే తేదీ దానంతటదే ఉంటుంది. దీనివల్ల మీరు లెక్కలు అడిగే మనిషి అన్న పేరు పడుతుంది. రాత్రి షిఫ్టుకు మారుస్తారేమోనని మీరు పెట్టుకున్న భయాన్ని నేను కొట్టిపారేయను. అందుకే, 800 మీ ఒక్కరికే తెగలేదు గనుక, అదే షిఫ్టులోని మరి నలుగురితో కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం క్షేమం. మూడోది కార్మిక శాఖ దగ్గరకు వెళ్ళడం. మీ మండలానికి సహాయ కార్మిక అధికారి ఉంటారు. పీఎఫ్ పడకపోతే రాజమహేంద్రవరంలో ప్రాంతీయ పీఎఫ్ కార్యాలయం ఉంది, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే వీలూ ఉంది. మొత్తం 1,100 రూపాయల కోసం ఈ మూడో దారిలో వెంటనే వెళ్ళమని నేను చెప్పను. పీఎఫ్ జమ కాకపోయినా, డీఎంజీ వచ్చే నెల కూడా తెగినా అప్పుడు వెళ్ళవలసిందే. సగానికి మించి కోయకూడదన్న హద్దు కూడా ఒకటుంది గాని, మీ కోతలన్నీ కలిపినా 5,565, 18,093లో మూడో వంతు కంటే తక్కువ. ఆ వాదన మీకు పనికి రాదు.

ఇక ఇంటి సంగతి. ఇరవై రెండు వేలకూ 12,528కీ మధ్య తేడా 9,472. అందులో 2,400 ఎప్పుడూ జీతం కాదు. 1,507 వరద తీసుకుపోయింది. 1,615 చట్టం కోత. 1,900 తిండి, బస్సు, బట్టలు. 1,050 కంపెనీ సంజాయిషీ చెప్పవలసింది. మీ పుట్టింటితో సంబంధం ఉన్నది వెయ్యి. దోచిపెట్టడమన్న మాటకు ఇంతకు మించి ఆధారం లేదు. కాని ఆ వెయ్యిని మీరు దాచినంతకాలం మిగతా ఎనిమిది వేల నాలుగు వందల డెబ్బై రెండు రూపాయల గురించి మీరు చెప్పే నిజం కూడా అతకదు, ఏడీవీ, అంటే అడ్వాన్సు, అన్న పద్దు దగ్గర వేలు పెట్టి "ఇదేమిటి" అని ఎవరడిగినా మీరు తడబడతారు.

అడ్వాన్సు తీరేదాకా ఆగి, శుభ్రమైన స్లిప్పు వచ్చాక చూపించవచ్చు. ఆగస్టులో తీసుకున్నది సెప్టెంబరు నుంచి తెగుతోంది, జనవరితో అయిపోతుంది. పంట కోతలయ్యాక నాన్నగారు తిరిగి ఇస్తానన్నారు కాబట్టి ఇంకా ముందే తీర్చేయవచ్చు. ఈ దారిలో గొడవ ఉండదు. అప్పటిదాకా అనుమానం మాత్రం ఉంటుంది, ఆ మెసేజీ చూపించమని అడిగే మనిషి రేపు పాత స్లిప్పులు అడిగితే ఇన్నాళ్ళూ దాచినట్టు తేలుతుంది. రెండోది, అందరూ ఉండగా స్లిప్పు బల్ల మీద పెట్టి పద్దు పద్దుగా చదివి చెప్పడం. పారదర్శకంగా ఉంటుంది గాని, మీ తండ్రి కష్టం నలుగురి ముందూ చర్చకు వస్తుంది. కౌలు రైతుకు అది చిన్న విషయం కాదు, మీకూ కాదు. మూడోది, ముందు మీ భర్తకు ఒక్కరికే చెప్పడం. అడ్వాన్సు సంగతి మీరే మొదట చెప్పి, ఆ తరువాత స్లిప్పు, పాస్‌బుక్ కలిపి చూపించండి. తల్లికి ఎంత చెప్పాలో, ఏ మాటల్లో చెప్పాలో ఆయనకు మీకన్నా బాగా తెలుసు. నేనైతే ఈ మూడోదాని వైపే మొగ్గుతాను, ఆయన ఇంతవరకూ ఒక్క మాట కూడా తూలలేదని మీరే రాశారు కాబట్టి. ఆయన కూడా "నాకు చెప్పకుండా ఎందుకిచ్చావు" అని నొచ్చుకోవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి జవాబు మీ దగ్గరే ఉంది. మీ సంపాదనలోంచి తండ్రికి ఇవ్వడం తప్పా అని ఉత్తరంలో రెండుసార్లు అడిగారు. తప్పు కాదు. చెప్పి ఇవ్వాలా చెప్పకుండానా అన్నదే మీ ఇద్దరూ మాట్లాడుకోవలసింది, నెలకు ఇంత అని ముందే అనుకుంటే ఇంకా మంచిది.

పాస్‌బుక్ చూపించడంలో ఒక చిక్కుంది, ముందే తెలిసి ఉండండి. రెండేళ్ళుగా పోగైన నిల్వ కనబడగానే, అది తీసి ఇంటిమీద రేకులు మార్పిద్దామనో, బండి కొందామనో ఎవరో ఒకరు అంటారు. ఉద్యోగంలో ఉండగా పీఎఫ్‌లోంచి కొంత తీసుకోవడానికి షరతులతో వీలుంది. వీలుందని చెప్పే ముందు, తీయాలని మీకుందో లేదో మీరు నిర్ణయించుకోండి. ఆ ఖాతా మీ ఒక్కరి పేరున ఉంది.

ఇంకొక్కటి మిగిలింది. ఉద్యోగంలో చేరినప్పుడు, అంటే పెళ్ళికి ముందు, పీఎఫ్ నామినేషన్‌లో నాన్నగారి పేరు రాసినట్టు చెప్పారు. పెళ్ళయ్యాక నామినేషన్ మళ్ళీ చేసుకోవాలి. మహిళా సభ్యురాలి కుటుంబంలో భర్త, పిల్లలతో పాటు ఆధారపడిన తల్లిదండ్రులు, భర్త వైపు ఆధారపడిన తల్లిదండ్రులు కూడా వస్తారు కాబట్టి ఎవరికి ఎంత భాగమన్నది మీరే పంచి రాయవచ్చు. ఉద్యోగంలో ఉండగా మరణం సంభవిస్తే కుటుంబానికి రెండున్నర లక్షల నుంచి ఏడు లక్షల దాకా బీమా వచ్చే ఏర్పాటు కూడా ఈ ఖాతాకే ముడిపడి ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు మార్పించారా? మార్పించి ఉంటే పాన్‌లోనూ, యూఏఎన్‌లోనూ అదే పేరు, అదే అక్షరక్రమంతో ఉండేలా సరిచేయించి, ఆ తరువాతే ఈ-నామినేషన్ చేయండి. పేరు ఒకచోట ఒకలా మరొకచోట మరోలా ఉంటే క్లెయిములు తిరిగి వచ్చేస్తున్నాయి. ఆ సవరణ ఆన్‌లైన్‌లో మీరే చేసుకోగలరో, కంపెనీ హెచ్ఆర్ సంతకం కావాలో కనుక్కోండి. సంతకం కావాలంటే, క్యాంటీన్ యాభై గురించి అడగడానికి వెళ్ళినప్పుడే ఆ దరఖాస్తూ ఇచ్చి రండి.